నాలుక ముడి వీడిన వేళ

మన కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని సంపాదక వర్గం వారు కోరినప్పుడు, ప్రబంధ సాహిత్యం మీదనో శతక వాఙ్మయం మీదనో నాలుగు పుటలు వ్రాసి ఇవ్వవచ్చునని తలచాను. కాగితాలు ముందు పెట్టుకొని మొదటి వాక్యం కూడా వ్రాశాను. అంతలో జరిగిన ఒక చిన్న సంఘటన నా ఆలోచనను మరొక దారికి మళ్ళించింది. కనుక పాండిత్య చర్చకు బదులు ఈ పర్యాయం నా సొంత కథనే పాఠకుల ముందు ఉంచుతున్నాను. దీనిని ఆత్మస్తుతిగా భావించరని నమ్ముతున్నాను. ఇందులో స్తుతి కంటె పశ్చాత్తాపం పాలే ఎక్కువ.

ఫిబ్రవరి 21వ తేదీన అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం సందర్భంగా మన కళాశాలలో తెలుగు, ఉర్దూ భాషలలో వక్తృత్వ పోటీలు జరుగుతాయని ప్రకటన అంటించిన మరునాడు, మొదటి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని అధ్యాపకుల గది గుమ్మం వద్ద వచ్చి నిలబడింది. తరగతిలో ముందు వరుసలో కూర్చునే పిల్ల. వ్యాసం వ్రాయమంటే తెలుగులో చక్కగా వ్రాస్తుంది. అందుచేత ఆమె పేరును తెలుగు పోటీకి నేనే వ్రాసి ఉంచాను.

"సార్, నా పేరు తీసేయండి. ఉర్దూ పోటీలో అయితే మాట్లాడతాను" అన్నది.

కారణం అడిగాను. కొంతసేపు నేల చూపులు చూసి, "పదో తరగతి వరకు ఉర్దూ మీడియం సార్. నా తెలుగు విని నవ్వుతారు" అన్నది.

ఆమెకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "రేపు రా అమ్మా, మాట్లాడుకొందాం" అని పంపివేశాను. ఆ మాట నాకు కొత్తది కాదు. పదమూడేళ్ళ వయసులో ఇంచుమించు అదే మాట నేను మా తెలుగు అయ్యవారితో అన్నాను.

మాది కర్నూలు పాతబస్తీ. తుంగభద్రా తీరాన, హంద్రీ వచ్చి కలిసే చోట వెలసిన ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని అయి, 1956 వరకు ఆ గౌరవం అనుభవించిన పట్టణం. మా ఇంటిలో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. గడప దాటితే తెలుగు. అబ్బా దర్జీ పని చేసేవారు. గిరాకీలు కొలతల సంగతి తెలుగులో చెబితే ఆయన ఉర్దూలో వ్రాసుకొనేవారు. తెలుగు ధారాళంగా మాట్లాడగలిగినా చదవడం వారికి రాదు. ఇక అమ్మీకి వచ్చిన తెలుగు కూరగాయల బండి వద్ద, పాలు పోసే ఆవిడ వద్ద నేర్చుకొన్నది. ఆ తెలుగుతో ఆమె బేరం చేయగలదు, పొరుగువారి కష్టసుఖాలు విచారించగలదు, అవసరమైతే తగవు కూడా పెట్టుకోగలదు.

నాకు పదేళ్ళు నిండిన సంవత్సరం ఊరిలోని ఒక సభామందిరంలో అష్టావధానం జరిగింది. నిర్వాహకులలో ఒకరికి కుట్టిన జుబ్బా అందించడానికి వెళుతూ అబ్బా నన్ను సైకిలు మీద వెంట తీసుకొనిపోయారు. జుబ్బా ఇచ్చి తిరిగి రావలసినవారం. గోడ పక్కన నిలబడి చివరిదాకా ఉండిపోయాము. వేదిక మీద ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది అడుగుతారు, ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు. నడుమ అప్రస్తుత ప్రసంగం చేసే పెద్దమనిషి ఏవో వేళాకోళపు ప్రశ్నలు వేసి సభను నవ్విస్తారు. అవధానిగారు అందరికీ సమాధానం చెబుతూ, చివరకు పద్యాలన్నింటినీ ధారణ చేసి గడగడా అప్పగించారు. నాకు అందులో ఒక్క పద్యమైనా అర్థం కాలేదు. కాని ఆ ధ్వని నన్ను పట్టుకొన్నది. అంతమంది జనం ఒక్క మనిషి గొంతుకు కట్టుబడి కూర్చోవడం నేను చూడడం అదే మొదటిసారి. తిరుగు ప్రయాణంలో సైకిలు ముందు గొట్టం మీద కూర్చుని, "అబ్బా, నేను కూడా ఆ వేదిక మీద తెలుగులో మాట్లాడతాను" అన్నాను. అబ్బా నవ్వి, "ఇన్షా అల్లాహ్" అన్నారు.

ఆనాడు నాటుకొన్న కోరికకు మొదటి దెబ్బ 2001వ సంవత్సరం ఆగస్టు 15వ తేదీన తగిలింది. అప్పుడు నేను ఎనిమిదవ తరగతి. పాఠశాలలో స్వాతంత్ర్య దినోత్సవ సభ. అయిదు నిమిషాల ఉపన్యాసం వారం రోజులు వల్లించి కంఠస్థం చేశాను. ఆ ఉదయం అమ్మీ నా తెల్ల చొక్కాకు ఇస్త్రీ చేసి తొడిగి, తల మీద చేయి ఉంచి ఒక దుఆ చదివింది. మూసా ప్రవక్త ఫిరౌను కొలువుకు వెళ్ళవలసి వచ్చినప్పుడు, తన నాలుక ముడిని విప్పమనీ, తన మాట ఎదుటివారికి అర్థమయ్యేటట్లు చేయమనీ దేవుని వేడుకొన్న దుఆ అది. పరీక్షకు వెళ్ళే పిల్లలకు మా ఇళ్ళలో తల్లులు నేర్పేది కూడా అదే.

ఉపన్యాసం బాగానే సాగింది. స్వాతంత్ర్య వీరుల త్యాగాలను తలచుకొంటే మన కళ్ళు చెమర్చుతాయి అనే వాక్యం వచ్చింది. నేను 'కళ్ళు' అనలేదు, 'కల్లు' అన్నాను. ముందు వరుసలో ఇద్దరు పిల్లలు కిసుక్కున నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలియలేదు. తరువాతి వాక్యంలో భరతమాత కళ్ళు కూడా ఉన్నవి. అక్కడా కల్లే అయినది. అప్పుడు వేదిక మీద ఆసీనులైన ఒక పెద్దమనిషి పక్కవారి వైపు వంగి, "పొద్దున్నే కల్లు పోస్తున్నాడే సాయిబు!" అన్నారు. ఆయన మెల్లగానే అన్నారు గాని, మైకు ఆ మాటను మైదానమంతటికీ వినిపించింది. సభ అంతా గొల్లుమన్నది. నాకు మిగిలిన ఉపన్యాసం మరపునకు వచ్చింది. నమస్కారం పెట్టడం కూడా మరచి మెట్లు దిగి వచ్చేశాను.

ఆ పెద్దమనిషి దుర్మార్గుడని ఈనాడు నేను అనుకోవడం లేదు. హాస్యమాడానని అనుకొని, ఆ సాయంత్రానికే మరచిపోయి ఉంటారు. కాని కల్లు అన్నది పేరెత్తకూడని ఇంటి నుంచి వచ్చిన పిల్లవానికి అది హాస్యంగా తోచలేదు. ఇంటికి వెళ్ళగానే అమ్మీ "కైసా బోల్యా?" అని అడిగింది. "అచ్ఛా బోల్యా" అని చెప్పాను. ఆమెతో నేను చెప్పిన మొదటి పెద్ద అబద్ధం అది.

తరువాత మూడు వారాలు తరగతిలో నోరు విప్పలేదు. మా తెలుగు అయ్యవారు రెండు మూడు సార్లు ప్రశ్న వేసి, నా మౌనం చూసి, ఒక సాయంత్రం బడి వదిలిన తరువాత నిలిపివేశారు.

"ఏమబ్బీ, నీ నోటికి తాళం వేసింది ఎవరు?" అన్నారు.

"నా తెలుగు విని అందరూ నవ్వుతారు అయ్యవారూ. తెలుగు మా భాష కాదు గదా" అన్నాను.

ఆయన కోపగించలేదు, జాలిపడనూ లేదు. నల్లబల్ల మీద ఉన్న హాజరు సంఖ్య చూపించి, "ఇది ఎవరి మాట?" అన్నారు. నాకు తెలియదు. "హాజరు మీ మాట. జవాబు మీ మాట. ఖరీదు, దుకాణం, వకీలు, దస్తావేజు, అన్నీ మీ వైపు నుంచి వచ్చినవే. ఉదయం నీ మాటతో మొదలుపెట్టి గదా నేను తెలుగు పాఠం చెప్పేది?" అన్నారు. తరువాత ఒక కథ చెప్పారు. గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్నారనీ, అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడనీ, తొలి అచ్చతెలుగు కావ్యంగా పేరు పొందిన పొన్నికంటి తెలగన యయాతి చరిత్రకు కృతిభర్త అమీన్ ఖాన్ అనీ ఆనాడే మొదటిసారి విన్నాను. "సంస్కృతం కలపకుండా తెలుగు వ్రాస్తాను, వినేవారు ఎవరని చూస్తే, వినడానికి కూర్చున్నది ఒక ఖాను. నీవు వచ్చి మా భాష కాదంటే నేను ఒప్పుకొంటానా?" అన్నారు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) తెలుగున పద్యకావ్యాలు వ్రాసిన సంగతి కూడా ఆయన ద్వారానే తెలిసింది.

ఇంతవరకు చెప్పి ఊరుకొని ఉంటే నా మనసు కుదుటపడేదే గాని నాలుక బాగుపడేది కాదు. అయ్యవారు రెండవ పని కూడా చేశారు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "ట అను, డ అను" అన్నారు. అన్నాను. "నాలుక కొస ఎక్కడ తగిలింది?" అంగుడిలో పైన, వెనుకకు మడిచి. "దానిని మూర్ధం అంటారు. ట, డ మీ భాషలోనూ ఉన్నవి, అందుచేత నాలుకకు ఆ చోటు తెలుసు. ళ, ణ లేవు గనుక అక్కడ ఆ పని చేయడం తెలియదు. అంతే సంగతి. ట అనే చోట నాలుక ఉంచి ల అను" అన్నారు. పదిసార్లు అన్నాను, పదకొండవసారి ళ పలికింది. ఆ క్షణం నాకు కలిగిన ఆనందం తరువాత ఏ బహుమతి వల్లనూ కలుగలేదు.

కల, కళ. కల్లు, కళ్ళు. మల్లి, మళ్ళీ. ప్రాణం, బాణం, వీణ. ఈ జంటలన్నీ ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చారు. గ్రీకు దేశపు డెమొస్తనీసు నోటిలో గులకరాళ్ళు ఉంచుకొని సముద్రపు హోరు ముందు ఉపన్యాసం అభ్యసించాడనే కథ కూడా చెప్పారు. సముద్రం లేకపోయినా మాకు తుంగభద్ర ఉన్నది గనుక, మరునాడే నేను ఏటి ఒడ్డుకు వెళ్ళి ఒక గులకరాయి నోట పెట్టుకొని ప్రయత్నించాను. రెండవ వాక్యంలోనే అది కడుపులోకి దిగిపోయింది. అమ్మీ రెండు రోజులు భయపడి, మూడవ రోజు తిట్టింది. తరువాత ఉట్టి నోటితోనే సాధన చేశాను.

మరొక ముచ్చట చెప్పి ముందుకు వెళతాను. ఒకనాడు అయ్యవారు గాలిబు కవి పేరును సరిగా ఎట్లా పలకాలో చూపమన్నారు. ఆ మొదటి ధ్వనికి తెలుగులో అక్షరం లేదు. "గొంతు లోపలి నుంచి రావాలి అయ్యవారూ" అని పలికి చూపాను. ఆయన నాలుగైదు సార్లు ప్రయత్నించారు. పుక్కిలించినట్లు వచ్చిందే గాని పేరు రాలేదు. చివరకు తానే పకపకా నవ్వి, "ఇప్పుడు చూశావా, ఇది నాకు ళ!" అన్నారు. ఇద్దరమూ చాలాసేపు నవ్వుకొన్నాము. అప్పటి నుంచి ఉచ్చారణ తప్పితే సిగ్గుపడడం మానుకొని, దిద్దుకోవడం మొదలుపెట్టాను.

తరువాతి సంవత్సరాలను త్వరగా చెప్పివేస్తాను. ప్రతి సాయంత్రం అబ్బా దుకాణంలో తెలుగు దినపత్రిక పైకి చదివేవాడిని. గుండీలు కుట్టించుకోవడానికి వచ్చినవారు కూడా కాసేపు కూర్చుని వినేవారు. కళాశాలలో చేరిన తరువాత పోటీలలో నిలిచాను, కొన్నింటిలో గెలిచాను. ఒక వెండిరంగు కప్పు, పదకొండు ప్రశంసాపత్రాలు ఇంటికి వచ్చినవి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా పొంగి కర్నూలును ముంచినప్పుడు, మా ఇంటిలోకి నిలువెత్తు నీరు వచ్చింది. మేము ముందే పైకి చేరుకొన్నాము గనుక ప్రాణాలు దక్కినవి. నీరు తీసిన తరువాత అబ్బా కుట్టు మిషను బురద కడుగుతూ కూర్చున్నారు. నేను నా పత్రాల కోసం వెదికాను. అన్నీ ఒకే ముద్ద అయి ఉన్నవి. కప్పు దొరికింది గాని దాని మీద నా పేరు లేదు. ఆ పేరు కాగితం మీద అచ్చు వేసి అంటించినదని అప్పుడే తెలిసింది.

అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. పూర్తి చేసి, అధ్యాపకునిగా చేరిన కొత్తలో, 2012 ఆగస్టు 29న నా కల నెరవేరింది. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. పదేళ్ళ వయసులో అవధానం విన్న ఆ సభామందిరంలోనే సభ. ప్రసంగించవలసిందని నాకు ఆహ్వానం వచ్చింది. అరగంట సమయం ఇచ్చారు. రెండు నెలలు సిద్ధపడ్డాను. సమాసభూయిష్టమైన వాక్యాలు, ప్రాసలు, ఉపమానాలు, అన్నీ కూర్చుకొన్నాను. అబ్బా ముందు వరుసలోనూ, అమ్మీ స్త్రీల వైపు మూడవ వరుసలోనూ కూర్చున్నారు. అమ్మీ సభకు రావడం అదే మొదటిసారి.

ఆ అరగంటలో ఒక్క ళకారమూ తప్పలేదు. సభ నిశ్శబ్దంగా విన్నది, ముగించగానే చప్పట్లు మ్రోగినవి. వేదిక దిగుతుండగా ఒక వృద్ధ పండితులు నా చేతులు పట్టుకొని, "నాయనా, పేరు చెబితే గాని నీవు ముస్లిమువని ఎవ్వరికీ తెలియదు!" అన్నారు. ఆయన హృదయపూర్వకంగా అన్న మాట అది. నేనూ హృదయపూర్వకంగానే సంతోషించాను. ఈ విషయం దాచడం సబబు కాదు. పదకొండేళ్ళుగా నేను కష్టపడినది ఆ ఒక్క మాట వినడానికే కాబోలు అని ఆ క్షణంలో అనిపించింది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మీని అడిగాను, ఎలా ఉన్నదని. ఆమె నా భుజం నిమిరి, "క్యా బోల్యా కీ మెరెకు సమజ్ నై హువా బేటా. పన్ ఆవాజ్ బహుత్ అచ్ఛీ థీ" అన్నది. ఏమి చెప్పావో నాకు తెలియలేదు గాని గొంతు మాత్రం చాలా బాగుందని ఆమె భావం. నిందించడానికి అన్న మాట కాదు. ఆమె కళ్ళలో సంతోషమే ఉన్నది.

భోజనానికి కూర్చున్నప్పుడు ఆమే మళ్ళీ అడిగింది, "ఆ ఫొటోకు దండ వేశారే, ఆ పెద్దాయన ఎవరు? ఏం చేశాడు?"

చెప్పాను. ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టాడనీ, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై ఉండగా కొండలలో ఉండే సవరల మాట విని దానిని నేర్చుకొన్నాడనీ, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని తన ఖర్చుతో బడులు పెట్టాడనీ, వారి భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేశాడనీ చెప్పాను. ఆ కొండలలో తిరిగి మలేరియా తెచ్చుకొన్నాడనీ, దానికి వాడిన క్వినైను వల్ల చెవులు వినిపించకుండా పోయాయనీ చెప్పాను. జనం మాట్లాడుకొనే తెలుగులోనే పుస్తకాలు ఉండాలి, పాఠాలు ఉండాలి అని 1940లో మరణించేవరకు పోరాడాడని చెప్పాను. అమ్మీ అన్నం కలపడం ఆపి వింటున్నది. "ఇతరుల మాట వినడానికి పోయి చెవులు పోగొట్టుకొన్నాడా?" అన్నది. "ఆ కొండవాళ్ళు ఆయనకు అన్నం పెట్టేవారా?" అన్నది. నాకు తెలియని ప్రశ్నలు ఇంకా రెండు మూడు అడిగింది. చివరకు, "ఇంత మంచి కథ ఉండగా అక్కడ ఇది ఎందుకు చెప్పలేదు?" అన్నది.

అక్కడ చెప్పినదీ ఇదే గదా అనబోయి ఆగిపోయాను. అక్కడ చెప్పినది ఇదే, కాని ఆమెకు తెలియని తెలుగులో. వాడుక భాష కోసం జీవితమంతా ధారపోసిన మనిషిని గూర్చి, వాడుకలో లేని మాటలతో అరగంట పొగిడి వచ్చాను. ఆమెకు తెలుగు రాక కాదు. ఆమె తెలుగులో నేను మాట్లాడలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక పడుకొని ఉంటే, పదకొండేళ్ళుగా వేదిక ఎక్కే ముందు నేను చదువుకొంటున్న దుఆ గుర్తుకు వచ్చింది. నాలుక ముడి వీడాలనే మొదటి సగమే నాకు ముఖ్యమై ఉండేది. మాట అర్థం కావాలనే రెండవ సగాన్ని పెదవులతో చదివానే గాని ఏనాడూ కోరలేదు.

అంతకంటె బాధ కలిగించిన విషయం మరొకటి ఉన్నది. డిగ్రీ చదివే రోజులలో ఒకసారి మిత్రులు ఇంటికి వచ్చినప్పుడు అమ్మీ, "నీల్లు తాగుతారా బాబూ?" అని అడిగింది. నేను వారి ఎదుటనే "నీల్లు కాదు అమ్మీ, నీళ్ళు" అని దిద్దాను. మిత్రులలో ఒకడు నవ్వాడు. ఆమె కూడా నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరువాత నా మిత్రులు వస్తే ఆమె నీళ్ళ గ్లాసు నాకే అందించి లోపలికి తప్పుకొనేది. నేను గమనించలేదు. గమనించినా, వయసు వచ్చింది గనుక పరదా పాటిస్తున్నదని అనుకొన్నాను. ఆ పెద్దమనిషి నాకు చేసినదే నేను నా తల్లికి చేశానని తెలుసుకోవడానికి నాకు అన్ని సంవత్సరాలు పట్టింది. ఆయన నాకు పరాయివాడు, మూడు వారాలలో నన్ను చేరదీసిన అయ్యవారు నాకు దొరికారు. ఆమెకు అయ్యవారు ఎవరు?

మరునాడు ఆమె వద్ద క్షమాపణ కోరబోతే, "ఎప్పటి మాట అది, నాకు గుర్తు లేదు పో" అన్నది. గుర్తు ఉన్నదని ఆమె ముఖమే చెప్పింది. నా మిత్రుల ఎదుట ఆమె మళ్ళీ తెలుగు మాట్లాడడానికి ఏడాది పైన పట్టింది. ఇప్పుడు మాట్లాడుతున్నది. ఇప్పటికీ నీల్లు అనే అంటున్నది. దిద్దడం లేదు.

విద్యార్థి మిత్రులారా, ఇది విని ఉచ్చారణ ముఖ్యం కాదని చెబుతున్నానని అనుకోవద్దు. తెలుగు ఉపన్యాసకునికి ళ, ణ రావాలి. ఉర్దూ చదివేవానికి గాలిబు పేరు సరిగా పలకడం రావాలి. అది భాష పట్ల మనం చూపవలసిన మర్యాద. నాలుకకు తెలియని దానిని నేర్పవచ్చు. పది సాయంత్రాల పని. నవ్వు వల్ల మూతపడిన నోటిని తెరిపించడం పది సంవత్సరాలకైనా సాధ్యమవుతుందో లేదో చెప్పలేము. కనుక వేదిక మీద ఎవరైనా తడబడినప్పుడు మీకు నవ్వు వస్తే దానిని ఆపుకొని, సభ ముగిసిన తరువాత వెళ్ళి నాలుక ఎక్కడ ఉంచాలో చెప్పండి. మీరు వేదిక ఎక్కినప్పుడు మాత్రం, ఎదుట కూర్చున్నవారిలో అందరికంటె తక్కువ చదువుకొన్న వ్యక్తి ఎవరో ఒకసారి చూసుకొని, ఆ వ్యక్తితో మాట్లాడండి. పండితులకు కూడా అర్థమవుతుంది.

మరునాడు ఆ విద్యార్థిని వచ్చినప్పుడు నా కథ అంతా చెప్పలేదు. కల, కళ, కల్లు, కళ్ళు అని ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చి, ట అనే చోట ల అనమన్నాను. ఆమె ఏడవసారికే పలికింది, నాకంటె నాలుగు సార్లు ముందు. పోటీలో పాల్గొన్నది. "నా మాతృభాష ఉర్దూ. దానిని గురించి మీకు తెలుగులో చెబుతాను" అని మొదలుపెట్టింది. రెండు చోట్ల ణ తప్పింది. ఎవరూ నవ్వలేదు. బహుమతి రాలేదు గాని, ఉపన్యాసం చివరిదాకా చెప్పి, నమస్కారం పెట్టి మరీ దిగింది.

ఆమె తల్లి బురఖా ధరించి వెనుక వరుసలో కూర్చుని ఉన్నది. సభ ముగిసిన తరువాత పలకరించి, "మీ అమ్మాయి చెప్పినది అర్థమైనదా అమ్మా?" అని అడిగాను.

"సగం అర్థమైంది సార్" అన్నది ఆవిడ.

ఆ మాట విని నాకు చాలా సంతోషం కలిగింది. నేను మొదటిసారి మాట్లాడినప్పుడు మా అమ్మీకి ఆ సగం కూడా అందలేదు.